తేలిక పాట

అర్ధరాత్రి దాటినది. బయట జోరున వాన. బొంబాయి నగరంలో ఒక మోటారు షెడ్డు. రాత్రి పని తన వంతుకు వచ్చిన కుర్రవాడు కూర్చున్నచోటనే కునికిపాట్లు పడుతున్నాడు. తడిసి ముద్దయిన ఒక యువతి లోపలికి వచ్చి, తన కారు చెడిపోయినదనీ, బాగుచేసి పెట్టమనీ అడుగుతుంది. అతడు నిద్రమత్తు వదలకుండానే లేచి పానా అందుకుంటాడు. ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు రెండు మూడు సార్లు వినవస్తుంది. ఆ చప్పుడే తాళమవుతుంది. అతని గొణుగుడే పాటవుతుంది. పని ఎక్కడ ఆగినదో పాట ఎక్కడ మొదలైనదో చూచేవారికి తెలియదు. ఆ కుర్రవాడు కిశోర్ కుమార్, ఆ యువతి మధుబాల. చిత్రం 1958లో సత్యేన్ బోస్ దర్శకత్వం వహించిన 'చల్తీ కా నామ్ గాడీ'.

ఆ రోజులలో ఈ చిత్రాన్ని చూచి ఇల్లు చేరుకొన్న ఒక చిరుద్యోగిని ఊహించుకోవచ్చును. అతని ఊరు నాగపూరు కావచ్చును, కటకం కావచ్చును, సికిందరాబాదు కావచ్చును. మరునాడు ఉదయం కథ చెప్పమంటే అతడు తడుముకొంటాడు. ప్రతినాయకుని పన్నాగం ఏమిటో, చివరకు అది ఎలా భగ్నమైనదో అతనికి సరిగా జ్ఞాపకముండదు. కాని నూతిలో చేద వేస్తున్నప్పుడు, సైకిలుకు గాలి కొడుతున్నప్పుడు, కచేరీలో దస్త్రాలకు దారం చుడుతున్నప్పుడు అతని పెదవుల మీదకు ఒక కూనిరాగం తనంత తానే వస్తుంది. చేద గిలక చప్పుడుకు ఆ రాగం సరిపోతుంది. తన చేతిపనిలో ఇంతకుముందు లేని ఏదో ఒక లయ ఉన్నదని అతనికి తోస్తుంది. చిత్రం అతనికి ఇచ్చినది అంతే. అది తక్కువ అని అనేవారు చాలామంది ఉన్నారు. అది ఎంతో ఆలోచించినవారు కొద్దిమంది.

తేలికైన వస్తువును తక్కువగా చూడటం విమర్శకు అలవాటే. దుఃఖాంతమైన కథకు సహజంగానే ఒక పెద్దరికం అబ్బుతుంది. నవ్వించిన కథ తన విలువను తాను రుజువు చేసుకోవలసి వస్తుంది. ఆ కాలంలో ఈ చిన్నచూపు పాలనలో సైతం ప్రవేశించినది. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి. వి. కేస్కర్ సినిమా పాటలు జాతి అభిరుచిని చెడగొడుతున్నవని భావించినాడు. ఆకాశవాణిలో వాటికి చోటు కరవయినది. శ్రోతలు శాస్త్రీయ సంగీతం వైపు మళ్లుతారని ఆయన ఆశ. వారు మళ్లిన మాట నిజమే, కాని సింహళం వైపు మళ్లినారు. రేడియో సిలోన్ వినిపించిన హిందీ పాటల కోసం దేశమంతా రేడియో మర తిప్పుతూ కూర్చున్నది. చివరకు 1957 అక్టోబరు 3వ తేదీన వివిధ భారతి ప్రారంభమై ఆ పాటలకు మళ్లీ తలుపు తెరిచినది. ప్రజలు తమకు కావలసిన దానిని గురించి వాదించలేదు. మర తిప్పినారు, అంతే.

లాక్షణికులు హాస్యాన్ని ఏనాడూ వెలివేయలేదు. నాట్యశాస్త్రం దానిని రసాలలో చేర్చినది; శృంగారం నుండి హాస్యం పుడుతుందని కూడా చెప్పినది. అయితే నవ్వులను ఆరు విధాలుగా విభజించి, పెదవి కదలీ కదలని చిరునవ్వును ఉత్తములకు, ఒళ్లంతా కదిలిపోయే పెద్ద నవ్వును అధములకు కేటాయించినది. ఆ లెక్కన కిశోర్ కుమార్ హాస్యానికి చివరి పంక్తిలోనే స్థానం. అతడు కళ్లు తిప్పుతాడు, పల్టీలు కొడతాడు, గొంతును ఉన్నట్టుండి విరిచి పైకి విసురుతాడు, అర్థంలేని అక్షరాలను పేర్చి చరణం కడతాడు. మర్యాదస్థులు ఇబ్బందిగా నవ్వుకొంటారు. కాని ఆ అల్లరి ఒక్క క్షణమైనా శ్రుతి తప్పదు. అధమహాసమని శాస్త్రం పేరు పెట్టినది ఉత్తమ గానంతో కలిసి రావడమే అక్కడి విశేషం.

అతని అసలు పేరు ఆభాస్ కుమార్ గంగూలీ. నేటి మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాలో 1929 ఆగస్టు 4వ తేదీన ఒక బెంగాలీ న్యాయవాది ఇంట పుట్టినాడు. అన్న అశోక్ కుమార్ అప్పటికే హిందీ తెరకు పెద్ద నటుడు కావడం వలన బొంబాయికి దారి ఏర్పడినది. తమ్ముని మనసు మాత్రం నటన మీద లేదు; పాట మీద ఉన్నది. అతనికి గురువు లేడు. స్వరం చదువుకోలేదు. సైగల్ పాటలే పాఠాలు. 1948లో 'జిద్దీ' చిత్రంలో ఖేమ్‌చంద్ ప్రకాశ్ అతనిచేత దేవ్ ఆనంద్‌కు పాడించినప్పుడు ఆ గొంతులో సైగల్ నీడ స్పష్టంగా కనిపిస్తుంది. ఆ నీడ నుండి బయటకు వచ్చి సొంత గొంతుతో పాడుకొమ్మని ప్రోత్సహించినవాడు సచిన్ దేవ్ బర్మన్. పరదేశపు గ్రామఫోను రికార్డులలో విన్న గొంతు విరుపును, పశువుల కాపరులు కొండల మధ్య ఒకరినొకరు పిలుచుకొనే ఆ పద్ధతిని అతడు అనుకరించి, అభ్యసించి, తనదిగా చేసుకొన్నాడు. సంగీతం నేర్వనివాడని మొదట అతనికి పాట ఇవ్వడానికి సలిల్ చౌధురీ సంకోచించినాడని చెప్పుకొంటారు. పన్నెండు సంవత్సరాలలోపల అదే సలిల్ చౌధురీ అతనిచేత హిందీ సినిమాలోని అతి విచిత్రమైన యుగళగీతం పాడించవలసి వచ్చినది. ఆ సంగతి ముందు వస్తుంది.

ఈ చిత్రాల ఆకర్షణ ఎక్కడ ఉన్నదో తెలియాలంటే అంతకుముందు జరిగిన ఒక విడిపోవడాన్ని గుర్తు చేసుకోవాలి. మాట్లాడే చిత్రాలు వచ్చిన కొత్తలో నటించేవారే పాడేవారు. గొంతు లేనివారికి తెరమీద చోటు దొరకడం కష్టం. 1935లో కలకత్తా న్యూ థియేటర్స్ వారు నితిన్ బోస్ దర్శకత్వంలో తీసిన 'ధూప్ ఛావ్' నాటినుండి నేపథ్యగానం స్థిరపడసాగినది. 1947లో సైగల్ కన్నుమూసేనాటికి ముఖం ఒకరిది, గొంతు మరొకరిది కావడం ఆచారమైపోయినది. తెలుగుదేశంలోను అదే కథ. 'పోతన', 'త్యాగయ్య' చిత్రాలలో నాగయ్య స్వయంగా పాడి నటించి, పాటకూ ముఖానికీ మధ్య పొరపొచ్చెం లేని భక్తిని చూపినాడు. భానుమతి తుదివరకూ తన పాట తానే పాడుకొన్నది. 1954 నాటి 'చక్రపాణి' వంటి హాస్యచిత్రానికి నటించి, పాడి, సంగీతం కూడా సమకూర్చినది. కాని వీరు క్రమంగా అరుదైపోయినారు.

నేపథ్యగానం వలన నష్టమే కలిగినదని చెప్పడం న్యాయం కాదు. రఫీ, లతా, ఘంటసాల, సుశీల వంటి గొంతులు దేశానికి దక్కినది దానివలననే. అయినా ప్రేక్షకుని చెవి ఒక చిన్న అతుకును ఎప్పుడూ వింటూనే ఉంటుంది. మాట్లాడుతున్న నాయకుడు పాట అందుకోగానే గొంతు మారుతుంది. మారినదని తెలిసి కూడా ప్రేక్షకుడు తెలియనట్టు నటిస్తాడు; ఆ నటన టిక్కెట్టు ఖరీదులో భాగం. కిశోర్ కుమార్ తెరమీద ఉన్నప్పుడు ఆ నటన అక్కరలేదు. అతని మాట పాటలోకి జారుతుంది, పాట దగ్గులోకి, దగ్గు నవ్వులోకి, నవ్వు మళ్లీ మాటలోకి. అతుకు కనిపించదు. గొంతుకు తగినట్టు ఒళ్లు కదలడం కాదు, ఒంటిలోనుండే గొంతు పుట్టుకొని వస్తున్నది. ఎదుట కనిపించేవాడే నిజంగా పాడుతున్నాడన్న నమ్మకం ప్రేక్షకునికి కలిగించే సంతోషం చిన్నపిల్లల సంతోషం వంటిది. అది నమ్మకం నుండి పుట్టినది కనుక నవ్వు కూడా సులువుగా వస్తుంది. హాస్యానికి కావలసిన మొదటి పెట్టుబడి నమ్మకమే కదా.

'చల్తీ కా నామ్ గాడీ'లో ఆ నమ్మకం ఇంకొక మెట్టు పైకి వెళ్లినది. అందులోని ముగ్గురు అన్నదమ్ములు నిజజీవితంలోనూ అన్నదమ్ములే. స్త్రీజాతి అంటే గిట్టని పెద్దన్నగా అశోక్ కుమార్, పిరికి రెండవవాడుగా అనూప్ కుమార్, అల్లరి కడపటివాడుగా కిశోర్. వారి పాత మోటారు బండి నాలుగవ సోదరుడు. ఆ వానరాత్రి కారు బాగుచేయించుకొన్న యువతి కూలి చెల్లించకుండానే వెళ్లిపోతుంది. బాకీ 5 రూపాయల 12 అణాలు. దానిని వసూలు చేయడానికి బయలుదేరినవాడు ప్రేమను వెంటబెట్టుకొని తిరిగివస్తాడు. ఇందౌర్‌లో చదువుకొనే రోజులలో కళాశాల క్యాంటీనులో కిశోర్ సరిగా అంతే బాకీపడి ఉండేవాడనీ, ఆ మొత్తమే పాటలోకి వచ్చినదనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. 1957 ఏప్రిల్ 1వ తేదీన దేశంలో నయాపైసలు వచ్చినవి. చిత్రం విడుదలయ్యేనాటికి ఆ 12 అణాలు లెక్క ప్రకారం 75 నయాపైసలు. కాని బాకీ అణాలలోనే పాడినారు. పాత బండి, పాత నాణెం, పాత బాకీ. ప్రేక్షకుని జేబులోను ఇంచుమించు అవే ఉన్నవి.

షెడ్డులో పాడిన ఆ పాట బాణీకి 'సిక్స్‌టీన్ టన్స్' అనే అమెరికా పాట ప్రేరణ అని సంగీతం తెలిసినవారు గుర్తుపడతారు. అది బొగ్గుగని కూలివాని పాట. పగలంతా పదహారు టన్నుల బొగ్గు ఎత్తినా కంపెనీ అంగడిలో అతని అప్పు తీరదు, ఇంకా పెరుగుతుంది. సచిన్ దేవ్ బర్మన్ ఆ బాణీలోని బరువైన నడకను తీసుకొని ఒక మెకానిక్కు చేతికి ఇచ్చినాడు. మజ్రూహ్ సుల్తాన్‌పురీ దానికి వానలో తడిసిన ఒక అమ్మాయిని గురించిన మాటలు అమర్చినాడు. కూలి ఉన్నది, ఇనుము ఉన్నది, బాకీ ఉన్నది. కాని బాకీ ఉన్నది కూలివాడు కాదు. బరువు ఎక్కడికీ పోలేదు. దానిని ఎత్తే పద్ధతి మారినది. ఈ చిత్రాల రహస్యమంతా ఆ ఒక్క పాటలో ఇమిడి ఉన్నదని చెప్పినా అతిశయోక్తి కాదు.

అతని తొలినాటి చిత్రాలను వరుసగా పెట్టి చూచినవారికి మరొక సంగతి తడుతుంది. ఆ కథలన్నీ ఏదో ఒక చిన్న లేమితో మొదలవుతాయి. 1954లో బిమల్ రాయ్ తీసిన 'నౌకరీ'లో కథానాయకునికి ఉద్యోగం లేదు. 1956 నాటి 'న్యూ ఢిల్లీ'లో అద్దెకు గది లేదు. 1962 నాటి 'హాఫ్ టికెట్'లో ఇల్లు విడిచి బయలుదేరినవానికి పూర్తి టిక్కెట్టు కొనడానికి డబ్బు చాలదు. రాజ్యాలు పోగొట్టుకొన్న రాకుమారుని శోకం కాదిది. ఉద్యోగం, గది, రైలు టిక్కెట్టు అనేవి కొత్తగా స్వతంత్రమైన దేశంలో పట్టణాలకు చేరుకొన్న లక్షలమంది యువకుల ప్రతిదినపు సమస్యలు. వాటిని గురించి బరువైన చిత్రాలు వచ్చినవి, రావలసినవే. కాని గది దొరకని యువకుడు సాయంకాలం సినిమాకు వెళ్లి గది దొరకని మరొక యువకుడు పాడుతూ ఉండటం చూచినప్పుడు అతనికి కలిగేది మరపు కాదు. తన కష్టం నలుగురిలో నవ్వుతూ చెప్పుకోదగినదేనన్న ధైర్యం.

మోహన్ సెహగల్ దర్శకత్వం వహించిన 'న్యూ ఢిల్లీ' ఈ దృష్టితో చూడవలసిన చిత్రం. పంజాబు నుండి రాజధానికి వచ్చిన ఆనంద్ గది కోసం గడప గడపా ఎక్కుతాడు. ప్రతి ఇంటివారూ తమ ప్రాంతంవారికే గది ఇస్తామంటారు. దేశానికంతకూ రాజధాని అయిన నగరంలో దేశస్థుడికి చోటు లేదు. ఏదో ఒక ప్రాంతంవాడికి ఉన్నది. విసిగిన ఆనంద్ తమిళుని వేషం వేసుకొని ఒక గదిలో చేరుతాడు. వైజయంతిమాల ధరించిన తమిళ కన్య పాత్రను ప్రేమిస్తాడు. వేషం బయటపడటం, పెద్దల ప్రాంతాభిమానం అడ్డుపడటం, చివరకు అందరూ తమ అల్పత్వాన్ని తెలుసుకోవడం తక్కిన కథ. చిత్రం వచ్చిన సంవత్సరం గమనించాలి. 1956 నవంబరు 1వ తేదీన భాషల ప్రాతిపదికపై రాష్ట్రాల పునర్విభజన జరిగినది. ఆ రోజుననే ఆంధ్రప్రదేశ్ అవతరించినది. మాతృభాషలో పరిపాలన కోరడం ఎంత న్యాయమో, పొరుగు భాషవానికి గది నిరాకరించడం ఎంత అన్యాయమో ఆనాడు దేశమంతా ఆలోచిస్తున్న విషయమే. దానిని గురించి ఎన్నో ఉపన్యాసాలు వెలువడినవి. చిత్రం ఉపన్యసించలేదు. ఒక పాటగానికి తప్పుడు వేషం వేసి గది గుమ్మంలో నిలబెట్టినది. చూచేవాడు మొదట వేషాన్ని చూచి నవ్వుతాడు. తరువాత వేషం వేయక తప్పని స్థితిని చూచి నవ్వుతాడు. ఆ రెండవ నవ్వులో తన ఇంటి గుమ్మం కూడా అతనికి కనిపిస్తుంది.

'హాఫ్ టికెట్' ఇంత ఆలోచన పెట్టుకొన్న చిత్రం కాదు. ధనికుడైన తండ్రితో పొసగక ఇల్లు విడిచిన విజయ్ అర టిక్కెట్టుకు అర్హుడు కావడం కోసం చిన్నపిల్లవాని దుస్తులు తొడుక్కొని మున్నా అవుతాడు. దొంగ అయిన ప్రాణ్ ఆ పిల్లవాని జేబులో వజ్రం దాచుతాడు. అక్కడినుండి ఒకరు పరుగెత్తడం, మరొకరు తరమడం. ఎదిగిన మనిషి పిల్లవాడై మారాం చేయడం పాత ఎత్తుగడే. హాలీవుడ్డులో జెర్రీ లూయిస్ అంతకుముందే ఆ వేషం వేసి ఉన్నాడు. కాని ఆ తరుముడు మధ్యలో ఒక పాట వస్తుంది. కిశోర్ ఆడవేషంలో ఉంటాడు. ప్రాణ్ అతనికి జతగా ఆడుతాడు. లతా మంగేష్కర్ ఆ సమయానికి అందుబాటులో లేకపోవడం వలన రెండు గొంతులూ తానే పాడుతానని కిశోర్ పట్టుబట్టినాడని చెబుతారు. సలిల్ చౌధురీ స్వరపరచిన ఆ యుగళగీతంలో స్త్రీ గొంతు, పురుష గొంతు ఒకే కంఠం నుండి వెలువడినవి. ముఖం ఒకరిది, గొంతు మరొకరిది అన్న ఆచారం అక్కడ తలక్రిందులైనది. ఒక గొంతు రెండు ముఖాలను ధరించినది.

ఆచారం అతని మీద పగ కూడా తీర్చుకొన్నది. 1958 నాటి 'రాగిణి'లో శాస్త్రీయ రీతిలో సాగే ఒక పాటకు తెరమీద పెదవులు కదిపినవాడు కిశోర్, పాడినవాడు మహమ్మద్ రఫీ. మరుసటి సంవత్సరం 'శరారత్'లో మళ్లీ అలాగే జరిగినది. దేశమంతా ఎవరి గొంతుకోసం చెవికోసుకొంటున్నదో ఆ మనిషి మరొకరి గొంతుకు మూగవాడై నిలబడిన దృశ్యం చూచేవారికి ఈనాటికీ వింతగా ఉంటుంది. అయినా అందులో ఒక వినయమూ ఉన్నది. తనకు చేతకానిదని ఎంచిన చోట అతడు తప్పుకొన్నాడు. నవ్వించేవాడు తన పరిమితిని ఎరిగినంతగా ఏడిపించేవాడు ఎరుగడేమో!

ఈ చిత్రాలను ఇప్పుడు చూచేవారికి తెలిసిన ఒక సంగతి ఆనాటి ప్రేక్షకులకు తెలియదు. మధుబాల గుండెలో పుట్టుకతోనే ఒక రంధ్రం ఉన్నది. 1960లో ఆమెకూ కిశోర్‌కూ వివాహమయ్యేనాటికి వ్యాధి ముదిరి ఉన్నది. 1961లో వచ్చిన 'ఝుమ్రూ', 1962లో వచ్చిన 'హాఫ్ టికెట్' ఆ రోజుల చిత్రాలే. 1969 ఫిబ్రవరి 23వ తేదీన, ముప్పయి ఆరేళ్ల వయస్సులో ఆమె కన్నుమూసినది. ఆ తెలివిడితో వెనుకకు తిరిగి చూచినప్పుడు తెరమీద ఆమె నవ్వు ప్రేక్షకుని గొంతులో అడ్డుపడుతుంది. కాని ఆమె నవ్వు అబద్ధం కాదు. నవ్వుతున్న క్షణంలో ఆమె నిజంగానే నవ్వుతున్నది. ఎదుటివాడి అల్లరికి నటిగా నవ్వవలసిన దానికంటె ఒక పిసరు ఎక్కువగా నవ్వుతున్నది. తేలిక చిత్రాలు జీవితపు బరువును ఎరుగవని అనేవారు ఆ ముఖాన్ని ఒకమారు నిదానంగా చూడాలి. 'ఝుమ్రూ'కు సంగీతం కూర్చినవాడు కిశోరే. అన్న అశోక్ కుమార్ 1936లో 'జీవన్ నైయా'లో పాడిన ఏకాంతపు పాటను అతడు అందులో తన గొంతుతో మళ్లీ పాడినాడు. చిత్రమంతా గెంతులు వేసినవాడు ఆ కొద్ది నిమిషాలూ కదలకుండా నిలిచినాడు.

1968లో వచ్చిన 'పడోసన్' ఈ జాతి చిత్రాలకు శిఖరమని చాలామంది అభిప్రాయం. అరుణ్ చౌధురీ వ్రాసిన బెంగాలీ కథ దానికి మూలం. పొరుగింటి అమ్మాయికి సంగీతమంటే ప్రాణం; ఆమెను ప్రేమించిన భోళాకు పాట రాదు. అందువలన అతడు కిటికీలో నిలబడి పెదవులు కదుపుతాడు. చాటున దాగి మిత్రుడు విద్యాపతి పాడుతాడు. భోళా సునీల్ దత్, విద్యాపతి కిశోర్ కుమార్. ముప్పయి సంవత్సరాలకు పైగా సినిమా పరిశ్రమ చాటుగా చేస్తున్న పనిని ఈ కథ కిటికీ తెరిచి చూపినది. ప్రేక్షకుడు ప్రతి చిత్రంలోనూ తెలియనట్టు నటించిన రహస్యం ఇక్కడ పరిహాసమై అందరి ముందుకు వచ్చినది. ఆ కిటికీ తెలుగువారికి అంతకుముందే పరిచితం. అదే కథ 1953లో సి. పుల్లయ్య దర్శకత్వంలో 'పక్కింటి అమ్మాయి'గా తెలుగులో వచ్చినది. అంజలీదేవిని వలచిన రేలంగికి చాటునుండి గొంతు అరువిచ్చినవాడు గాయకుడు ఎ. ఎం. రాజా. 1981లో మళ్లీ తీసినప్పుడు చంద్రమోహన్‌కు ఆ ఉపకారం చేసినవాడు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం. ఆ పాత్రకు తెలుగువారు రెండుసార్లూ నిజమైన గాయకులనే ఎంచుకొన్నారు. చాటున ఉన్నవాని ముఖం ఒక్కసారి చూడాలన్న కోరిక ఏ ఒక్క భాషదీ కాదని దీనివలన తెలుస్తుంది.

ఈ చిత్రాన్ని మెచ్చుకొనేవారు ఒక మాట దాటవేయకూడదు. 'పడోసన్'లో ఓడిపోయే సంగీతం మాస్టరు తమిళుడు. మహమూద్ ధరించిన ఆ పాత్ర పిలక, పంచె, ఉచ్చారణ అన్నీ నవ్వులకోసం కూర్చినవే. పాటల పోటీలో అతనికి గొంతు ఇచ్చినది శాస్త్రీయ శిక్షణ గడించిన మన్నా డే. శిక్షణ లేని విద్యాపతి చేతిలో ఆ గొంతు ఓడిపోవడం కథకు అవసరం. ఆ పోటీ వినోదంగా ఉన్నదనడంలో సందేహం లేదు. కాని భరతుడు హాస్యాన్ని ఆత్మస్థమనీ పరస్థమనీ విభజించినాడు. ఆ మాటలను కొద్దిగా సాగదీసి చెప్పవచ్చును. తనను చూచి తాను నవ్వుకోవడం ఒకటి, పరుని చూచి నవ్వడం మరొకటి. 'న్యూ ఢిల్లీ'లో ఉత్తరాదివాడు తమిళ వేషం వేసి తన లోకపు అల్పత్వాన్ని బయటపెట్టినాడు. పన్నెండేళ్ల తరువాత తమిళుడే వేషమైపోయినాడు. దక్షిణాది ప్రేక్షకుడు ఆ చిత్రానికి మనసారా నవ్వుతూనే ఒకటి రెండు చోట్ల నవ్వు మింగుకొంటాడు. తేలికదనం అనేది అదుపు తప్పితే ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేము. అందుచేతనే దానిని కూడా బరువైన కళలవలెనే పరీక్షించవలసి ఉన్నది.

1969లో 'ఆరాధన' విడుదలైనది. రాజేశ్ ఖన్నా ముఖం, కిశోర్ కుమార్ గొంతు దేశాన్ని కమ్మివేసినవి. ఆ తరువాత దాదాపు రెండు దశాబ్దాలు ఆ గొంతు ఎందరో నాయకుల ముఖాలకు ప్రాణం పోసినది. పాటగానిగా అతని కీర్తి అప్పుడే ఆకాశాన్ని అంటినది. కాని ముఖం తెరమీదనుండి క్రమంగా తప్పుకొన్నది. అతడు కూడా చివరకు కిటికీ చాటు మనిషే అయినాడు. నవ్వించేవాడన్న పేరు అతనికి బరువై ఉండవచ్చును. 1964లో స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించి, సంగీతం కూర్చి, నటించిన 'దూర్ గగన్ కీ ఛావ్ మే'లో అతడు యుద్ధం నుండి తిరిగివచ్చి తనవారు మంటలలో పోయినారని తెలుసుకొన్న సైనికుడు. మిగిలినది మాటపోయిన కొడుకు. అదే సంవత్సరం సత్యజిత్ రాయ్ 'చారులత'లో అతనిచేత రవీంద్రుని పాట పాడించినాడు. ఆ గొంతులో గాంభీర్యానికి లోటు లేదని ఎరిగినవారికి అతడు ఎంచుకొన్న తేలికదనం చేతకానితనం కాదని కూడా తెలుసు.

తేలిక పాటను రాజ్యాలు ఏమంత తేలికగా తీసుకోవు. అత్యవసర పరిస్థితి కాలంలో ప్రభుత్వ ప్రచారానికి సహకరించలేదన్న కారణంతో 1976 మే నెలలో ఆకాశవాణి, దూరదర్శన్‌లలో కిశోర్ కుమార్ పాటలను ఆపివేసినారు. తరువాత షా కమిషన్ విచారణలో ఆ సంగతి వెల్లడైనది. మీటలు నొక్కేవారికి అర్థమైన విషయం ఒకటే: ప్రతి ఇంటిలో కూనిరాగంగా తిరుగుతున్న గొంతు తమకు అక్కరకు రావాలి, లేదా వినబడకూడదు. అల్లరివాడని కొట్టివేసినవానిని అంతగా లెక్కచేసినది చివరకు ఆ నిషేధమే. రేడియో ఆగినా పానా ఆగలేదు. నూతి గిలక ఆగలేదు. వాటి మీద సాగే రాగానికి అనుమతి పత్రం అక్కరలేదు.

1987 అక్టోబరు 13వ తేదీన, అన్న అశోక్ కుమార్ పుట్టినరోజునాడు, కిశోర్ కుమార్ బొంబాయిలో మరణించినాడు. అంత్యక్రియలు పుట్టిన ఊరైన ఖండ్వాలో జరిగినవి. ఆ వానరాత్రి షెడ్డును తొలిసారి తెరమీద చూచిన చిరుద్యోగులు నేడు ముదుసలులు, చాలామంది లేరు. మోటారు షెడ్లలో పనిచేసే కుర్రవాళ్లు మాత్రం ఉన్నారు. మధ్యరాత్రి ఒక లారీ క్రింద వెల్లకిలా పడుకొని, తుప్పుపట్టిన నట్టు తిప్పలేక తిప్పుతూ, తాను పుట్టక ముందు ఎవరో పాడిన బాణీని పెదవుల మధ్య నలిపే కుర్రవాడు ఏ ఊరిలోనైనా కనిపిస్తాడు. ఆ చిత్రం పేరు అతనికి తెలియకపోవచ్చును. లారీ బరువు అణుమాత్రమూ తగ్గదు. నట్టు మాత్రం కదులుతుంది.